రంగు చూడకండి... చప్పుడు వినండి!

కుండ కొనబోయినప్పుడు మనం ఏం చేస్తాం? చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో కొట్టి చూస్తాం. ఖంగుమంటే కొంటాం. బొదబొదమంటే పక్కన పెట్టేస్తాం. అది ఎంత ఎర్రగా, ఎంత నున్నగా ఉన్నా సరే! పట్టుచీరయితే అంచు తిరగేసి చూస్తాం. కందిపప్పయితే నోట్లో వేసుకుని కొరికి చూస్తాం. మరి లక్ష రూపాయల మిషను కొనేటప్పుడు మాత్రం, "ఆ గొడవలు మనకేం తెలుస్తాయి, మగవాళ్ళు చూసుకుంటార్లే" అని ఊరుకుంటాం. ఎందుకంటారు?

ఇదేమిటి, ఆడవాళ్ళ పేజీలో మిషన్ల గోలేమిటి అనుకుంటున్నారా? విజయవాడ ఆటోనగర్‌కి ఒకసారి వచ్చి చూడండి. చిన్న చిన్న షెడ్లలో లెక్కలు రాసేది, శనివారం కూలీలు ఇచ్చేది, బ్యాంకు చుట్టూ తిరిగేది చాలాచోట్ల ఆ ఇంటి ఆడవాళ్ళే. మిషను కోసం తాకట్టుకి వెళ్ళేవి కూడా వాళ్ళ గాజులే. గాజులు మనవైనప్పుడు మిషను సంగతి మనకు తెలియకపోతే ఎలా?

మాది ఆటోనగర్‌లో రెండు గదులంత షెడ్డు. ఒక లేతు, ఒక డ్రిల్లింగు మిషను, ఒక చేతి ప్రెస్సు. మావారు అచ్చులు చేస్తారు. లెక్కలు, బ్యాంకు, కొనుగోళ్ళు నావి. కిందటేడు మేమొక పాత సర్ఫేస్ గ్రైండరు కొన్నాం. కొనేముందు ఒకసారి మోసపోయాం కూడా! ఆ కథంతా చెబితే నాలాంటి వాళ్ళు మరో నలుగురికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఇడ్లీపిండి గ్రైండరు కాదు సుమా!

"గ్రైండరు కొంటున్నాం" అని ఫోనులో చెబితే మా అక్క, "ఇప్పుడున్నది రుబ్బడం లేదా?" అంది. అందుకని ముందు ఇదేమిటో చెప్పాలి.

1960లలో మొదలైన జవహర్ ఆటోనగర్ అంటే అందరికీ లారీలే గుర్తొస్తాయి. కానీ ఆ లారీ బాడీల వెనక సందుల్లో అచ్చులు చేసే షెడ్లు, బుష్షులు తీసే లేతులు చాలా ఉన్నాయి. మాకు పని ఎక్కువగా బందరు నుంచి వస్తుంది. బందరు రోల్డుగోల్డు నగలు మనకు తెలియనివా? ఊరంతా ఆ పనే. పక్కన పోతేపల్లిలో నగల తయారీకి ప్రత్యేకంగా ఒక పార్కు కూడా ఉంది. ఆ నగల్లోని ఆకులు, పువ్వులు, బిళ్ళలు పలచటి రాగి రేకులోంచి, ఇత్తడి రేకులోంచి అచ్చులతో కొట్టి తీస్తారు. ఆ తరవాతే అతుకులు, మెరుగు, బంగారు పూత.

అచ్చుకి ప్రాణం దాని అంచు. కొట్టగా కొట్టగా అది మొద్దుబారుతుంది. మొద్దు అచ్చుతో కొడితే బిళ్ళ చుట్టూ సన్నటి ముళ్ళు లేస్తాయి. వాటిని ఆకురాయితో రాసి నున్నగా చేసేది చాలావరకు ఇళ్ళల్లో కూర్చుని పనిచేసే ఆడవాళ్ళే. అచ్చు మొద్దయితే ముందుగా తెగేది వాళ్ళ వేళ్ళన్నమాట!

మొద్దుబారిన అచ్చు ముఖాన్ని ఒక పొర తీసేస్తే అంచు మళ్ళీ కొత్తదవుతుంది. ఆ పొర తీసేదే సర్ఫేస్ గ్రైండరు. కింద ఒక బల్ల. దానిమీద అయస్కాంతపు పీట, దాన్నే చక్కు అంటారు. ఉక్కు ముక్కను చక్కు మీద పెట్టి మీట తిప్పితే ఇక అది కదలదు. పైన సానరాయి నిమిషానికి సుమారు 2,800 చుట్లు తిరుగుతూ ఉంటుంది. షెడ్లలో దాన్ని వీలు అంటారు. ఒక చేతిచక్రం తిప్పితే బల్ల కుడికీ ఎడమకీ జరుగుతుంది. రెండోది తిప్పితే ముందుకీ వెనక్కీ. మూడోది తిప్పితే రాయి కిందికి దిగుతుంది. ఒక్కో కోతకి తీసేది మిల్లీమీటరులో నూరో వంతు. మన తలవెంట్రుక మందంలో ఆరో వంతో, ఏడో వంతో ఉంటుందేమో! పీట పని లేతు మీద కుదరదు, ఆకురాయితో అసలే కుదరదు.

సొంత గ్రైండరు లేక ప్రతి అచ్చునీ బయటికి పంపేవాళ్ళం. వాళ్ళకి తీరిక దొరికేదాకా రెండ్రోజులు, ఒక్కోసారి నాలుగు రోజులు. ఈలోగా బందరు నుంచి ఫోన్లు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆర్డరు ఆలస్యమైతే అది మరొకరి షెడ్డుకి వెళ్ళిపోతుంది. అలా రెండు మంచి ఖాతాలు పోయాక, ఎలాగైనా ఒక గ్రైండరు కొనాలని తీర్మానించుకున్నాం. కొత్తది మా శక్తికి మించిన మాట. కనుక పాతదే.

పచ్చరంగు చూసి పదివేలు

వేరే ఊళ్ళో పాత మిషన్లు అమ్మే ఒకాయన వాట్సాప్‌లో ఫోటోలు పంపాడు. చిలకపచ్చ రంగు, తళతళలాడే చక్రాలు... కొత్త పెళ్ళికూతురిలా ఉంది మిషను! "ఇంకో పార్టీ రెడీగా ఉందమ్మా, రేప్పొద్దున్నే వస్తారు. మీరు అడ్వాన్సు వేస్తే ఆపుతాను" అన్నాడు. మావారు వద్దంటూనే ఉన్నారు. తొందరపడింది నేనే. పదివేలు పంపేశాను.

మూడో రోజు వెళ్ళి చూశాం. మోటారు తిరుగుతోంది, రాయి తిరుగుతోంది. "చూశారా, బంగారం లాంటి మిషను" అన్నాడాయన. ఒక ముక్క కోసి చూపించండి అన్నాం. కోశాడు. ముక్కను వెలుతురుకి పెట్టి చూస్తే, గాలికి కదిలిన చెరువు నీళ్ళలా వరసగా అలలు! "రాయి మారిస్తే పోతుందమ్మా" అన్నాడు. మావారు మిషను పక్కన రంగు మీద గోరుతో గీకితే లప్పం రాలింది. దానికింద తుప్పు.

మిషను వద్దన్నాం. పదివేలు తిరిగి రాలేదు. రసీదు ఏదీ? ఫోనులో మాటలే కదా! తిరుగు ప్రయాణంలో మావారు ఒక్కమాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఆ పదివేలు నా గాజుల మీద తెచ్చినవి.

బాబాయి చెప్పిన పాఠం

మా పక్క షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు గ్రైండరు మీదే పనిచేశారు. మేమంతా బాబాయి అంటాం. సంగతి విని, "అమ్మాయ్, మనిషిని బట్టలు చూసి అంచనా వేస్తావా? మిషనూ అంతే. ఇలా కూర్చో, చెబుతాను" అన్నారు. రెండు సాయంత్రాలు తన మిషను దగ్గర నిలబెట్టి నేర్పించారు. ఆయన చెప్పిందిది.

పాత గ్రైండరులో లోపాలు మూడు రకాలు. చేతిచక్రాలు లూజుగా ఉండడం, చక్కు మీద గీతలు, పాత వైరింగు, బెల్టులు... ఇవి కొద్దిపాటి ఖర్చుతో పోయేవి. రాయిని తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్, దాని బేరింగులు పాడైతే వేలల్లో ఖర్చు. బల్ల జారే పట్టాలు అరిగిపోతే మాత్రం దాన్ని బాగుచేయించడానికి మిషను ధరంత అవుతుంది! అందుకని చూడ్డం ఎప్పుడూ పట్టాల నుంచి మొదలుపెట్టాలి, రంగు నుంచి కాదు.

పట్టాలు: బల్లను ఒక కొసకి జరిపి కింద పట్టా చూడండి. కొత్తలో చేత్తో చెక్కిన చిన్న చిన్న మచ్చలు వాటిమీద ఉంటాయి. అందరూ చిన్న ముక్కల్నే చక్కు మధ్యలో పెట్టి కోస్తారు కనుక మధ్యభాగం ముందు అరుగుతుంది. కొసల్లో మచ్చలు కనబడుతూ మధ్యలో నున్నగా అద్దంలా ఉంటే అరుగుదల ఉన్నట్టే. గోటికి తగిలే గాడి ఉంటే ఇక నమస్కారం పెట్టి వచ్చేయడమే.

చప్పుడు: స్పిండిల్‌ని అరగంట తిరగనివ్వాలి. రెండు నిమిషాలకే ఆపేస్తానంటే ఒప్పుకోకూడదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగుల గూడుకి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి చప్పుడు వినబడుతుంది. మొన తిరిగే భాగానికి తగలకూడదు, జడా పైటా దగ్గరికి పోకూడదు. ఒకే తీరున జుమ్మంటే మంచిది. మధ్యలో ఇసుక నమిలినట్టు కరకర వినిపిస్తే బేరింగు పోయింది. అరగంట తరవాత గూడు మీద అరచెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి నిలవనంత వేడెక్కితే సరి కాదు.

కోత: అసలు పరీక్ష ఇదే. మన ఉక్కు ముక్కను మనమే తీసుకెళ్ళాలి. ముందు డైమండు డ్రెస్సరుతో రాయి ముఖం సాపు చేయించి, అప్పుడు కోయించాలి. అప్పటికీ అలలు పడుతుంటే లోపం రాయిలో కాదు, స్పిండిల్‌లోనో, మోటారు అదురులోనో ఉందన్నమాట. తరవాత ముక్కను తిప్పి రెండో వైపు కోయించి నాలుగు మూలలా, మధ్యలో మైక్రోమీటరుతో కొలవండి. చిన్న మిషను మీద ఆ అయిదు కొలతల మధ్య తేడా నూరో వంతు మిల్లీమీటరు కూడా దాటకుండా ఉంటే మనబోటి వాళ్ళ పనికి అది మంచి మిషనే.

ఇక్కడొక మెలిక ఉంది, జాగ్రత్త! అమ్మేవాళ్ళు డయల్ గేజిని రాయి దగ్గర బిగించి, చక్కు మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిపిస్తారు. ముల్లు కదలదు. "చూశారా, సున్నా!" అంటారు. కానీ ఆ చక్కును ఆ మిషను మీదే కోసి ఉంటారు కదా? పట్టాల్లో వంపు ఉంటే అదే వంపు చక్కులోకీ దిగుతుంది. వంకర గజంబద్దతో గీసిన గీతను అదే బద్దతో సరిచూస్తే తేడా ఎలా తెలుస్తుంది? అందుకని కోసిన ముక్కను మంచి సర్ఫేస్ ప్లేటు మీద పలచగా నీలం రంగు రాసి రుద్ది చూడాలి. నీలం ముఖమంతా అంటితే అది సాపు. అంటని చోట గుంట ఉన్నట్టే.

చక్కు: మీట తిప్పితే పట్టుకునే శాశ్వత అయస్కాంతం చక్కు కొన్ని మిషన్లకి ఉంటుంది. కరెంటుతో పట్టుకునేది కొన్నింటికి. రెండో రకంలో పని మధ్యలో కరెంటు పోతే పట్టు పోతుంది, ముక్క తూటాలా ఎగిరిపోవచ్చు. అదెలా కాపాడుకోవాలో తెలియని చిన్న షెడ్డుకి మీట చక్కే క్షేమం.

మోటారు: మూడు ఫేజులదా, సింగిల్ ఫేజుదా ముందే అడగండి. మన షెడ్డులో ఉన్న కనెక్షనుకి సరిపడకపోతే ఆ ఖర్చు వేరే. మరో సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచిపోయాయి కదా. అలా మునిగిన సామాను తుడిచి, రంగు వేస్తే పైకి ఏమీ తెలియదు. మోటారు డబ్బా మూత తీయించి లోపల ఒండ్రు చారలున్నాయేమో చూడండి. నూనె గొట్టాల్లో, మరల సందుల్లో ఎండిన మట్టి కనబడితే మిషను మునిగిందనే అర్థం.

"ఇవన్నీ చేయనిస్తేనే కొను. చేయనివ్వకపోతే అదే జవాబనుకో" అన్నారు బాబాయి.

మంచి మిషన్లు ఎక్కడుంటాయి?

మంచి పాత మిషను సాధారణంగా దుకాణం దాకా రాదు. షెడ్డులోంచి షెడ్డుకే పోతుంది. అందుకని బేరింగులు, సానరాళ్ళు అమ్మే దుకాణాల్లో చెప్పి ఉంచాలి. ఎవరు షెడ్డు మూసేస్తున్నారో, ఎవరు పెద్ద మిషను కొంటున్నారో వాళ్ళకే ముందు తెలుస్తుంది. మిషన్లు ఎత్తి దించే క్రేన్ల వాళ్ళకీ చెప్పాలి. ఇక్కడ దొరక్కపోతే హైదరాబాదులో బాలానగర్ ఉంది. 1968 నుంచి టూల్ డిజైను నేర్పుతున్న సీఐటీడీ అక్కడే ఉంది. చుట్టుపక్కల అచ్చుల షెడ్లు చాలా ఉన్నాయి గనుక గ్రైండర్లూ తిరుగుతుంటాయి. ఇటు చెన్నైలో అంబత్తూరు ఉంది.

పేర్ల సంగతి కూడా కాస్త తెలిసి ఉండాలి. 1943లో సికింద్రాబాదులో మొదలైన ప్రాగా టూల్స్, 1953లో బెంగుళూరులో పుట్టిన హెచ్ఎంటీ, ఇవి పెద్ద పేర్లు. వాటి పాత మిషన్లకు ఇప్పటికీ గౌరవముంది. పంజాబులోని బటాలా, గుజరాతులోని రాజకోట నుంచి వచ్చే చిన్న మిషన్లు మనలాంటి షెడ్లలో ఎక్కువ. పెద్ద పేరున్నా అరిగిపోయినది అరిగిపోయినదే. చిన్న పేరైనా ప్రేమగా చూసుకున్నది పనికొస్తుంది.

బ్యాంకులు జప్తు చేసిన మిషన్లనూ వేలం వేస్తుంటాయి. అక్కడ "ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అన్నది నియమం. కరెంటు పెట్టి తిప్పి చూసే అవకాశం చాలాసార్లు ఉండదు. కొత్తగా కొనేవాళ్ళు అటు వెళ్ళకపోవడమే మేలు.

బందరు షెడ్డులో పాత చీర

ఆరు నెలలు తిరిగాం. నాలుగు మిషన్లు చూసి వద్దనుకున్నాం. చివరికి సానరాళ్ళ దుకాణం అబ్బాయే చెప్పాడు. "బందరులో ఒకాయన పోయి రెండేళ్ళయిందమ్మా. ఆయన గ్రైండరు అలాగే ఉంది. పాతసామాను వాళ్ళు తిరుగుతున్నారు, తొందరగా వెళ్ళండి."

బందరు వెళ్ళాలంటే నాకు లోపల బెరుకే. సముద్రపు గాలి! అక్కడ ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. పైగా రెండేళ్ళు తిరగని మిషను. అయినా ఓ ఆదివారం బాబాయిని తీసుకుని కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా వెళ్ళాం. సంచిలో ఉక్కు ముక్క, మైక్రోమీటరు, డయల్ గేజి, నీలం డబ్బా, స్క్రూడ్రైవరు. పైన మా ఇంటి పులిహోర!

ఇంటి వెనక రేకుల షెడ్డు. మూల మీద ఏదో ముసుగు. ఆవిడ వచ్చి ముసుగు తీశారు. పాత నేతచీర. దానికింద మరో పాతగుడ్డ, నూనెలో తడిపి పరిచింది. దానికింద మిషను. బటాలాలో తయారైనది. 450 మిల్లీమీటర్ల పొడవు, 150 వెడల్పు చక్కు. రంగు చాలావరకు ఊడిపోయింది. కానీ పట్టాల మీద ఒక్క తుప్పు మచ్చ లేదు!

"రెండేళ్ళుగా ఎవరు నూనె పెడుతున్నారు పిన్నిగారూ?" అని అడిగాను.

"నేనేనమ్మా. ఆయన ఉన్నప్పుడు ప్రతి సాయంత్రం పెట్టి క్యాలెండరులో గీత గీసేవారు. అలవాటు కొద్దీ నేనూ పెడుతున్నా. ఏం చేస్తున్నానో నాకు తెలియదు. పెట్టకపోతే నిద్ర పట్టదు, అంతే" అన్నారావిడ. గోడకి నిజంగానే తెలుగు క్యాలెండరు ఉంది. తేదీల పక్కన పెన్సిలు గీతలు.

కరెంటు పెట్టించి అరగంట తిప్పాం. స్క్రూడ్రైవరుతో నేనే విన్నాను. జుమ్మని ఒకటే నాదం. కరకర లేదు. అరచెయ్యి పెడితే గోరువెచ్చన. మా ముక్క కోశాం. అలలు లేవు. అయిదు చోట్లా కొలిస్తే తేడా నూరో వంతుకి లోపలే. సర్ఫేస్ ప్లేటు ఆ షెడ్డులోనే ఉంది. నీలం రాసి రుద్దితే ఒక పక్క అంచున మాత్రం కొద్దిగా అంటలేదు. ముందుకీ వెనక్కీ జరిపే చక్రం అర చుట్టు ఖాళీగా తిరుగుతోంది. "ఇది పైసల రోగం. మిగతాది ఆరోగ్యంగా ఉంది" అన్నారు బాబాయి, నాకు మాత్రమే వినబడేలా.

అప్పుడావిడ నన్ను పక్కకి పిలిచి అడిగారు. "పాతసామాను వాళ్ళు కిలోల లెక్కన తూచి తీసుకుంటామన్నారమ్మా. నాకేం తెలియదు. నువ్వే చెప్పు, దీని విలువెంత?"

ఏం చెప్పాలి? తక్కువ చెబితే ఆవిడ నమ్ముతారు. మా ఇంట్లో గాజులు తాకట్టులో ఉన్నాయి. పోయిన పదివేలు ఇంకా గుండెల్లో గుచ్చుకుంటూనే ఉన్నాయి. ఒక్క క్షణం నోరు పెగల్లేదు. కానీ ఆరు నెలలుగా నేను తిట్టుకుంటున్నది ఎవర్ని? తెలియనితనాన్ని సొమ్ము చేసుకున్న మనిషినే కదా! ఇప్పుడు తెలిసినదాన్ని నేను, తెలియనిది ఆవిడ.

చూసిన నాలుగు మిషన్లకి ఎంతెంత అడిగారో చెప్పాను. ఇందులో బాగున్నదేమిటో, బాగుచేయించాల్సినదేమిటో కూడా దాచకుండా చెప్పాను. తొంభై వేలకి ఖాయమైంది. ఎత్తించడం, రవాణా మావి. డైమండు డ్రెస్సరు, నాలుగు రాళ్ళు ఆవిడే ఇచ్చేశారు. పులిహోర అందరం కలిసి తిన్నాం.

కాగితాలు, డబ్బు

ఎంత నమ్మకమైనా కాగితం కాగితమే. మిషను మీది నంబరు వేసి అమ్మకపు పత్రం రాయించుకున్నాం. పాత బిల్లు ఉంటే తీసుకోవాలి. ఆ మిషను మీద బ్యాంకు అప్పు ఉందా, ఉంటే తీరినట్టు కాగితం ఉందా అని తప్పక అడగాలి. అప్పున్న మిషను కొంటే బ్యాంకు వాళ్ళు మన షెడ్డుకే వస్తారు! చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. చూశాక ఇచ్చినా రసీదు మీద "పరీక్షలో నెగ్గకపోతే వాపసు" అన్న ముక్క రాయించుకోవాలి.

అప్పు కావాల్సిన వాళ్ళు ముందుగా ఉద్యమ్ నమోదు చేయించుకోండి. 2020 జూలై నుంచి చిన్న పరిశ్రమలకి అదే గుర్తింపు. ఆన్‌లైనులో ఉచితం. 2015లో మొదలైన ముద్ర పథకంలో 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్ కింద అప్పులిస్తారు. అయితే పాత మిషనుకి ఇవ్వాలంటే బ్యాంకులు సాధారణంగా వెనకాడతాయి. బిల్లిచ్చే దుకాణమయితే ఒకలా, విడిమనిషి దగ్గరయితే మరోలా ఉంటుంది. బేరం కుదిరాక కాకుండా, వెతకడం మొదలుపెట్టక ముందే మేనేజరుని అడిగి తెలుసుకోవాలి. మేమయితే గాజుల మీది అప్పుతోనే కొన్నాం.

తెచ్చాక ఏం చేయాలి?

చిన్నదే అయినా అర టన్ను దాటే బరువు. ఎత్తేముందు రాయి విప్పేసి, తల భాగానికీ చక్కుకీ మధ్య చెక్కముక్క పెట్టి, బల్ల కదలకుండా కట్టించాలి. తాడు కింది భాగానికే వేయాలి. బల్లకి వేస్తే అన్నాళ్ళు కాపాడిన పట్టాలు ఒక్క కుదుపుకి పాడైపోతాయి.

షెడ్డులో సుత్తి దెబ్బలకీ, ప్రెస్సుకీ దూరంగా పెట్టాలి. స్పిరిట్ లెవెలుతో సమం చేయాలి. మన డెల్టా నల్లనేల సంగతి తెలిసిందే కదా, ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానలకి ఉబ్బుతుంది. గట్టి కాంక్రీటు వేసినా ఏడాదికి రెండుసార్లు లెవెలు చూసుకోవడం మంచిది.

రాయి దగ్గర మాత్రం అశ్రద్ధ పనికిరాదు. కొత్త రాయయినా, పాత రాయయినా బిగించేముందు వేలు దూర్చి వేలాడదీసి, చెక్క పిడితో మెల్లగా తట్టి చూడాలి. మళ్ళీ మన కుండ పరీక్షే! ఖంగుమంటే మంచిది. మూగగా పలికితే లోపల బీట ఉంది, పారేయాల్సిందే. రాయి మీద రాసిన చుట్ల సంఖ్య మన మిషను తిరిగే వేగం కంటే ఎక్కువ ఉండాలి. బిగించాక మొదటి నిమిషం పక్కకి నిలబడి ఖాళీగా తిప్పాలి, ఎదురుగా ఎప్పుడూ నిలబడకూడదు. రాయి మీద కప్పు లేకుండా తిప్పనే కూడదు.

ఇక మన మాట. మిషను దగ్గర పైట వేలాడకూడదు, చున్నీ అసలే వద్దు. పైన చేతులు బిగుతుగా ఉండే కోటు వేసుకోవాలి. జడ ముడి వేసి గుడ్డ కట్టుకోవాలి. గాజులు, ఉంగరాలు తీసి డబ్బాలో పెట్టాలి. చేతికి తొడుగులు రక్షణ అనుకుంటాం గానీ, తిరిగే రాయి దగ్గర అవి చేతినే లాగేస్తాయి. కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

వెళ్ళేటప్పుడు సంచిలో ఇవి...

ఉక్కు ముక్క ఒకటి. మైక్రోమీటరు, డయల్ గేజి (లేకపోతే అడిగి తెచ్చుకోండి). నీలం రంగు. పొడుగాటి స్క్రూడ్రైవరు. టార్చిలైటు. పాతగుడ్డ. ఆ పనిలో తలపండిన మనిషి ఒకరు. కనీసం రెండు గంటల తీరిక. డబ్బు మాత్రం ఇంటి దగ్గరే!

మా గ్రైండరు వచ్చి ఏడాది కావస్తోంది. చక్రం లూజు సరిచేయించాం. రంగు వేయించలేదు. మొద్దుబారిన అచ్చు పొద్దున వస్తే సాయంత్రానికి తిరిగి వెళ్తోంది. పోయిన రెండు ఖాతాల్లో ఒకటి మళ్ళీ వచ్చింది. గాజులు ఒక చేతివి విడిపించుకున్నాను, రెండో చేతివి సంక్రాంతిలోగా అనుకుంటున్నాం. తేలిక కోతలు నేనే కోస్తున్నాను.

నెలకోసారి బందరు నుంచి ఫోను వస్తుంది. బాగున్నావా, పిల్లలు బాగున్నారా అని అడిగాక పిన్నిగారు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు.

"సాయంత్రం నూనె పెడుతున్నారా అమ్మా?"

"పెడుతున్నాం పిన్నిగారూ. క్యాలెండరులో గీత కూడా గీస్తున్నా."